రాజోలు సీమ జలమార్గములు - ఓలేటి వేంకటేశ్వర్లుగారి ఆకాశవాణి జీవితము

విజయవాడ ఆకాశవాణి కేంద్రపు సంగీత చరిత్రమును వ్రాయబూనిన వారెవరైనను ఇద్దరు గాయకుల పేర్లను మొదటి పుటలలోనే పేర్కొనవలసియుండును. అందొకరు ఓలేటి వేంకటేశ్వర్లుగారు. వీరు 1928 ఆగస్టు 27వ తేదీన రాజోలులో జన్మించిరి. రెండవవారు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. వీరు 1930 జులై 6వ తేదీన అదే తాలూకాలోని శంకరగుప్తములో జన్మించిరి. ఇరువురును పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు. ఇరువురును విజయవాడ కేంద్రమున పనిచేసి, ఆంధ్రదేశమున ఉదయకాలమున రేడియో తెరచిన ప్రతి యింటను తమ కంఠమును వినిపించినవారు. రెండేండ్ల యెడముతో ఒకే తాలూకాలో ఇట్టివారిద్దరు జన్మించుట ఎట్లు సంభవించెనని అడిగినచో, "అది గోదావరి నీటి మహిమ" యని మనవారు సమాధానము చెప్పుదురు. ఈ సమాధానము చెవికి ఇంపైనదే కాని చరిత్ర పరిశోధకుని కది చాలదు. ఆ నీరు త్రాగినవారందరును గాయకులు కాలేదు. గాయకులైన ఈ యిద్దరును ఆ నీటిని దాటి వెళ్లిన తరువాతనే గాయకులైరి.

నేను సంగీతశాస్త్రజ్ఞుడను కాను. ఓలేటివారి గానములోని రాగభావమును, స్వరకల్పనను విమర్శించు అధికారము నాకు లేదు. ఒక మనుష్యుని జీవితమునకును, అతడు పుట్టిన సీమలోని రాకపోకల తీరునకును గల సంబంధమును పరిశీలించుట మాత్రమే ఈ వ్యాసమునకు ఉద్దేశము. పడవకును రేడియోకును ఏమి సంబంధమని పాఠకులు మొదట ఆశ్చర్యపడవచ్చును. రాజోలు వంటి చోట ఆ సంబంధము చాల దగ్గరిదని నా అభిప్రాయము.

రాజోలు సీమ భూగోళ పరిస్థితిని ముందుగా గమనింపవలెను. ధవళేశ్వరమువద్ద అఖండ గోదావరి చీలి, తూర్పున గౌతమిగను పడమట వసిష్ఠగను ప్రవహించును. ఈ రెండు పాయలకును సముద్రమునకును నడుమనున్న భూమి కోనసీమ. వసిష్ఠనుండి గన్నవరము ప్రాంతమున వైనతేయ మరల చీలి ఓడలరేవు వైపునకు పోవును. వసిష్ఠకును వైనతేయకును మధ్య చిక్కిన భాగమే రాజోలు సీమ. పూర్వపు రికార్డులలో దీనికి నగరము దీవి యని పేరు. అనగా కోనసీమ ఒక ద్వీపము కాగా, రాజోలు ఆ ద్వీపములోని ద్వీపము. ఇచ్చటి ఊళ్ల పేర్లే ఇందుకు సాక్ష్యము. ఎదురులంక, బొబ్బర్లంక, లంకల గన్నవరము, ఓడలరేవు - లంకయు రేవును లేని దారి ఈ సీమలో లేదు.

1847 మొదలు 1852 వరకు ఆర్థరు కాటన్ ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన కథ అందరెరిగినదే. దానివలన పంట పండినదని చెప్పుదురు గాని, దానివలన దారి ఏర్పడినదని చెప్పువారు తక్కువ. కాటన్ దృష్టిలో కాలువకు రెండు ప్రయోజనములు గలవు. ఒకటి సేద్యము, రెండవది రవాణా. ఇండియాకు రైళ్లకంటె పడవ కాలువలే చౌక యనియు మేలనియు ఆయన జీవితాంతము వాదించెను. ఆ వాదము సీమలో నెగ్గలేదు. కాని గోదావరి డెల్టాలో ఆయన త్రవ్వించిన ప్రధానమైన కాలువలు పడవలు నడచుటకు వీలుగానే త్రవ్వబడినవి. నీటిమట్టము మారుచోట్ల లాకులు కట్టబడినవి. లొల్ల లాకులు నేటికిని చూడదగినవి. నగరము దీవికి నీరిచ్చుటకు వైనతేయ అడ్డము రాగా, హేగ్ అను ఇంజనీరు 1850 దశకపు తొలియేండ్లలో గన్నవరమున నలుబదితొమ్మిది కమానులమీద కాలువను నదిపైనుండి దాటించెను. ఆ సీమవారు దీనిని అక్విడెక్టు అనియే పిలిచిరి. క్రింద నది, పైన కాలువ. రాజోలు సీమకు పంటనీరు నూటయేబది సంవత్సరములపాటు ఈ కమానులమీదుగనే చేరినది. 2000 సంవత్సరమున దాని ప్రక్కన కట్టిన క్రొత్త నిర్మాణమునకు లంకల గన్నవరపు అన్నదాత్రి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుట సముచితముగా నున్నది. ఆకలిగొని రేవునకు చేరిన బాటసారులకు అన్నము పెట్టి ఆమె ప్రసిద్ధి కెక్కెను. ఆమె కీర్తియు ఒక విధముగా జలమార్గపు కీర్తియే.

కాలువలతోపాటు ఒక పదజాలమును ఈ సీమకు వచ్చినది. తెలుగు శాఖవాడనగుటచే ఇచ్చట కొంచెము నిలువక తప్పదు. ప్రయాణికుల నెక్కించుకొని కాలువవెంట పోవు పడవను రాదారి పడవ యందురు. రాదారి యనునది పారసీకపు రాహ్‌దారీ. దానికి మొదట బాటసుంకమని, బాటచీటియని అర్థము. పడవ నడపు పెద్దకు సరంగని పేరు. ఇదియు పారసీకమే. అతని క్రింది పనివారు కళాసులు. లాకు ఆంగ్లము. రెండు దోనెలను జతకట్టి పైన బల్లలు పరచి నది దాటించెడి పంటు సైతము ఆంగ్లమునుండి వచ్చినట్లే తోచును. అయినను తెడ్డు, తెరచాప, గడ, రేవు, దోనె మనవే. పడవకు యజమాని ఎవరైనను, సుంకము ఎవరు వసూలు చేసినను, దానిని కదల్చు పని మాత్రము తెలుగువానిదే యని ఈ పదముల పొందిక చెప్పక చెప్పుచున్నది. గాలి అనుకూలించిన తెరచాప ఎత్తుట, అనుకూలింపనిచో గట్టుమీద నడచుచు త్రాటితో లాగుట - కాలువ పడవ నడక ఇంతే. గట్టుమీద లాగువాడు నడచునంత వేగమే పడవ వేగము. సాయంకాల మెక్కినవారు తెల్లవారుసరికి దిగుదురు. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసినప్పుడు ఆ దారియు మూతపడును. పాలగుమ్మి పద్మరాజుగారు "పడవ ప్రయాణం" అను కథలో ఇట్టి రాత్రినే చిత్రించిరి. ఆయన తమ్ములు పాలగుమ్మి విశ్వనాథంగారు హైదరాబాదు ఆకాశవాణిలో లలిత సంగీతమునకు పేరు తెచ్చిన వారగుట యాదృచ్ఛికమే యైనను, ఒకే డెల్టా కుటుంబమున ఒకరు పడవను సాహిత్యమున కెక్కించుటయు ఒకరు పాటను రేడియో కెక్కించుటయు గుర్తుంచుకొనదగినది.

ఇక ఓలేటివారి చదువును పరిశీలింతము. శాస్త్రీయ సంగీతము పుస్తకమునుండి నేర్చునది కాదు. గురువు పాడగా శిష్యుడు పాడవలెను. తప్పిన చోట గురువు ఆపవలెను. మరల పాడవలెను. ఇందుకు గురుసన్నిధి కావలెను, ఏండ్లతరబడి కావలెను. గురువులు పట్టణములలో నుండిరి. ఓలేటివారు కాకినాడలో మునుగంటి వేంకటరావు పంతులుగారివద్ద నేర్చిరి. తరువాత పారుపల్లివారి శిష్యులైరి. కాకినాడ తూర్పున గౌతమి కావల నున్నది. పారుపల్లివారి విజయవాడ పడమట వసిష్ఠ కావల నున్నది. ఆ దినములలో ఈ రెండు పాయలమీదను కోనసీమనుండి బయటకు పోవుటకు వంతెన లేదు. కాకినాడ పోవలెనన్న ముక్తేశ్వరపు రేవున పడవ యెక్కి కోటిపల్లిలో దిగుట ఒక దారి. కోటిపల్లినుండి కాకినాడకు రైలుండెడిది. రెండవ ప్రపంచ యుద్ధమునకై 1940లో ఆ పట్టాలను ఊడదీసికొనిపోయిరి. మరల అచ్చట రైలు నడచుటకు 2004 వరకు వేచియుండవలసివచ్చెను. విజయవాడ పోవలెనన్న సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురమున రైలెక్కుట రెండవ దారి. ఎటు పోయినను రేవు తప్పదు. రాజోలు బాలునికి సంగీతమునకు మొదటి మెట్టు సరళీస్వరము కాదు, పడవబల్ల.

దీనిని నేను ఊరక చమత్కారముగా చెప్పుటలేదు. రేవు దాటగలిగినవారెవరు, దాటలేనివారెవరు అను ప్రశ్న ఇందులో నున్నది. పిల్లవానిని పరాయి యూరిలో ఏండ్లతరబడి ఉంచగల తలిదండ్రులు, అచ్చట అన్నము పెట్టెడి బంధువు, వారములు చేసికొనుటకు ఇండ్లు - ఇవి యున్నవాడు దాటెను. లేనివాడు గట్టుననే నిలిచెను. ఆడపిల్లల విషయము చెప్పనక్కరలేదు. కోనసీమలో ఎన్ని కంఠములు రేవు దాటక అణగిపోయెనో లెక్కించు సాధనము చరిత్రకు లేదు. మనము ఇద్దరి పేర్లను చెప్పుకొని గర్వపడునప్పుడు ఆ సంగతిని మరువరాదు. బాలమురళీకృష్ణగారి తండ్రి పట్టాభిరామయ్యగారు స్వయముగా సంగీతజ్ఞులు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించెడివారు. బిడ్డ పుట్టిన కొలదిదినములకే ఆమె గతించెను. సంగీతము తెలిసిన తండ్రి యుండుటచే ఆ బాలుని కంఠమును గుర్తించుట కాలస్యము కాలేదు. 1938లో, ఎనిమిదేండ్ల ప్రాయమున, విజయవాడలో ఆ బాలుడు కచేరీ చేసినప్పుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు "బాల" శబ్దమును అతని పేరునకు చేర్చిన సంగతి ప్రసిద్ధము.

గురుపరంపరను గూర్చి ఒక మాట. పారుపల్లివారి గురువులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. వారి గురువు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు. ఆయన త్యాగరాజస్వామికి శిష్యులు. అనగా ఓలేటివారికిని త్యాగరాజునకును నడుమ మువ్వురే గురువులు. త్యాగరాజస్వామి రచించిన "నౌకా చరిత్రము"ను ఈ సందర్భమున తలచుకొనుట అప్రస్తుతము కాదనుకొందును. గోపికలు కృష్ణునితో యమునలో పడవ విహారమునకు పోయి, తమ సౌందర్యమునకు గర్వించి, గాలివాన వచ్చి పడవకు చిల్లిపడగా, గర్వము విడిచి రక్షింపబడుట అందలి కథ. కావేరీ తీరమున కూర్చుండి, యమునను చెప్పుచు, తెలుగులో పడవ పాటలు కట్టిన ఆ మహానుభావుడు జానపదుని వరుసలను హీనముగా చూడలేదు. మన పండితులలో కొందరు పడవపాట యనగనే చిన్నచూపు చూచుట కలదు. వారు త్యాగరాజునుండి నేర్వవలసిన దిది.

ఇక రేడియో. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16వ తేదీన ఆరంభమయ్యెను. కోస్తా ఆంధ్రమునకు పది సంవత్సరములు అదియే దిక్కు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసెను. మైసూరున 1930 దశకమున పుట్టిన "ఆకాశవాణి" యను పేరును అఖిల భారత రేడియో 1950 దశకమున స్వీకరించెను. ఆ తొలిదినములలో పల్లెలో రేడియో యన్నది ఇంటి వస్తువు కాదు, పంచాయతీ ఆస్తి. సాయంకాలము కొంతసేపు లౌడుస్పీకరు పలుకును, ఊరు వినును. 1960 దశకమున ట్రాన్సిస్టరు వచ్చిన తరువాత పరిస్థితి మారెను. విద్యుత్తు లేని లంకలోను, నడిచెడి పడవమీదను రేడియో పలుకసాగెను.

ఇంతలో ఢిల్లీలో ఒక విధానము రూపొందెను. 1952 మొదలు 1962 వరకు సమాచార ప్రసార శాఖకు మంత్రిగా నున్న బి. వి. కేస్కర్ సినిమాపాటలను రేడియోలో చాలవరకు ఆపించి శాస్త్రీయ సంగీతమునకు పెద్దపీట వేసెను. 1952లోనే సంగీతపు జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. గాయకులకు పరీక్షలు పెట్టి శ్రేణులు నిర్ణయించు పద్ధతియు వచ్చెను. ఆయన విధానమును అపహాస్యము చేయుట పరిపాటియైనది. శ్రోతలు సినిమాపాటలకై రేడియో సిలోనును ఆశ్రయించిరనియు, చివరకు 1957లో వివిధభారతిని తెరువక తప్పలేదనియు చెప్పుదురు. అది నిజమే. కాని దాని రెండవ ముఖమును చూడవలెను. జమీందారుల ఆశ్రయము 1948 నాటి చట్టముతో అంతరించెను. సభల ఆదరము పట్టణములకు పరిమితము. పెండ్లికచేరీల ఆదాయము నిలుకడలేనిది. అట్టి సమయమున విద్వాంసునకు నెలజీత మిచ్చి, వాద్యగాండ్ర నిచ్చి, "పాడుము, నేర్పుము" అనిన సంస్థ ఆకాశవాణి యొక్కటియే. ఓలేటివంటివారు సభలవెంట తిరుగక ఒకచోట కుదురుకొని విద్యను పెంచుకొనుటకు ఆ కాలపు రేడియోయే ఆధారమైనది. ఆ కుదురునకు వెలయు కలదు. కచేరీలతో దేశమెల్ల తిరిగిన గాయకునికి వచ్చెడి కీర్తి నిలయ విద్వాంసునికి రాదు.

ఓలేటివారిని గూర్చి తెలిసినవారు రెండు విషయములను తప్పక చెప్పుదురు. మొదటిది హిందూస్థానీ సంగీతముపై వారికి గల మక్కువ. బడే గులాం అలీఖాన్ గానమును వారు ఎంతో అభిమానించిరి. త్యాగరాజ పరంపరలో శిక్షితుడైన గాయకుడు ఉత్తరాది బాణీని చెవిలో నింపుకొని, దానిని కర్ణాటక రాగపు చట్రము చెడకుండ తన కంఠమున ఇముడ్చుకొనుట సులభమైన పని కాదు. ఇదియు కొంతవరకు రేడియో చేసిన మేలే. ఉత్తరాది ఉస్తాదుల గానమును విజయవాడలో కూర్చుండి వినుటకు వీలు కల్పించినది రేడియోయే గదా.

రెండవది "సంగీత శిక్షణ". ఈ వ్యాసమునకు ముఖ్యమైనది ఇదియే. స్టూడియోలో గురువు ఒక పంక్తిని పాడును. ఎదుట కూర్చున్న శిష్యురాండ్రు దానిని తిరిగి పాడుదురు. వారితోపాటు ఇండ్లలో వినువారును పాడుకొందురు. సంగతిని ముక్కలుగా విడదీసి, ఒక ముక్క కుదిరిన తరువాతనే రెండవ ముక్కకు పోవుట, తరువాత రెంటిని కలుపుట - ఇది గురుకులములో జరిగెడి పనియే. భేదమేమనగా, ఇచ్చట శిష్యుల సంఖ్యకు మేర లేదు, గురువునకు వారి ముఖములు తెలియవు. స్టూడియోలోని శిష్యురాలు తడబడినచో ఆ తడబాటు వినవచ్చును. దానిని గురువు దిద్దుట వినవచ్చును. రాజోలులోనో మలికిపురములోనో వంటయింట కూర్చున్న గృహిణి తడబాటు మాత్రము గురువునకు వినబడదు. అందుచే గురువు తన యెదుట నున్న శిష్యురాలి తప్పునందు కనబడని శిష్యురాండ్ర తప్పులను ఊహించి దిద్దవలెను. ఆ ధ్వనిముద్రణలలో మనకు లభించినవాటిని విన్నప్పుడు ఓలేటివారు తొందరపడక పాడుటయు, కఠినమైన చోటును ముందుగనే గుర్తించి అచ్చట నిలుచుటయు గమనింపవచ్చును. విద్వత్తును ప్రదర్శించుట కంతకంటె అనువైన అవకాశము లేదు, ఆయన ప్రదర్శింపలేదు. సభలో పాడునప్పుడు చూపు వేగమును పాఠములో దాచుకొనుట ఒక సంయమనము. దానిని మన సంగీత చరిత్రకారులు గుణములలో లెక్కింపకుండుట నాకు వింతగా తోచును.

పైన నేను రేవు దాటలేనివారిని గూర్చి చెప్పితిని. వారు ఇప్పుడు జ్ఞప్తికి రావలెను. రాజోలులో పుట్టిన బాలుడు సంగీతము నేర్చుటకు రెండు నదులలో నేదో యొకటి దాటి గురువు ఉన్న చోటికి పోయెను. పెద్దవాడై ఆకాశవాణిలో చేరిన తరువాత అతని పాఠము ఆ నదులను వెనుకకు దాటి రాజోలునకు వచ్చెను. ఇల్లు విడువలేని స్త్రీకి, పరాయి యూరిలో ఉంచు శక్తిలేని ఇంటి బిడ్డకు, ఏ కారణముచేతనైన గురువు గడప త్రొక్కుటకు అనుమతి దొరకనివానికి అది చేరెను. దీనితో సంగీతవిద్య అందరి సొత్తయ్యెనని నేననుట లేదు. రేడియో కొనుట కొందరికే సాధ్యము. పాఠపు వేళకు తీరిక ఇంకను కొందరికే. విన్నవారందరును విద్వాంసులు కాలేదు, కానక్కర లేదు. కాని ఒక కీర్తనను తప్పులేకుండ పాడుకొనగల చెవియు కంఠమును లంకల గ్రామములలో సైతము ఏర్పడుట చిన్న మార్పు కాదు.

బాలమురళీకృష్ణగారి మార్గము వేరు. విజయవాడ కేంద్రమున "భక్తిరంజని"ని రూపొందించినవారిలో ఆయనయు బాలాంత్రపు రజనీకాంతరావుగారును ముఖ్యులు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆయన తొలి ప్రధానాచార్యులు. పిమ్మట మద్రాసు చేరి, ప్రపంచమెల్ల తిరిగి, 1991లో పద్మవిభూషణ పురస్కారము నందుకొని, 2016 నవంబరు 22వ తేదీన చెన్నైలో కన్నుమూసిరి. ఆయనను గూర్చి వ్రాతలకు కొదువ లేదు. ఓలేటివారిని గూర్చిన వ్రాతలు స్వల్పము. ఇది ఇద్దరి ప్రతిభలలోని భేదమువలన కలిగినది కాదని నా నమ్మకము. ఒకరు వేదికవారు, ఒకరు స్టూడియోవారు. వేదికకు పత్రికల విమర్శ, ఫొటో, సన్మానపత్రము మిగులును. స్టూడియోకు టేపు మిగులును, అదియు మిగిలినచో. ఆ కాలమున టేపు వెల హెచ్చు. ఒకసారి ప్రసారమైన దానిని చెరిపి అదే టేపుమీద మరియొకదానిని ఎక్కించుట రేడియో కేంద్రములలో సాధారణమైన ఆచారము. నేడు మనము వినుచున్న పాత ప్రసారములలో చాలభాగము రసికులైన శ్రోతలు తమ యింటి టేపురికార్డరులలో పట్టి యుంచినవే. పరిశోధక విద్యార్థులు తాళపత్రములకై తిరిగినట్లు ఈ ఇండ్లకును తిరుగవలసిన కాలము వచ్చినది. తాళపత్రము కంటె టేపు త్వరగా చెడును.

పడవవారికి రేడియో వేరొక విధముగా దగ్గరయ్యెను. తుఫాను సూచనలు, మచిలీపట్టణము కాకినాడ రేవులలో ఎగురవేసిన ప్రమాద సూచికల సంఖ్యలు, చేపలవేటకు పోరాదను హెచ్చరికలు - వీనిని కోనసీమ తీరమునకు దశాబ్దులపాటు తెచ్చినది రేడియోయే. వాతావరణ వార్తను పల్లెకారులు విన్నంత శ్రద్ధగా కీర్తనను రసికులును విని యుండరు. అయినను విన్నంత మాత్రమున రక్షణ కలుగదని 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తెలిపినది. ఆ తుఫానులో సముద్రముమీద నున్న మత్స్యకారులు అనేకులు తిరిగి రాలేదు. కోనసీమ కొబ్బరితోటలు నేలగూలినవి.

పడవపాట సంగతియు చెప్పవలసియున్నది. నేదునూరి గంగాధరంగారివంటి సేకర్తలు గోదావరి ప్రాంతపు జానపద గేయములను ఊరూర తిరిగి కూర్చిరి. బిరుదురాజు రామరాజుగారు విశ్వవిద్యాలయములలో జానపద గేయ పరిశోధనకు బాట వేసిరి. రేడియో కేంద్రములును జానపద గేయములను ప్రసారము చేసినవి. కాని రేడియో కెక్కిన పడవపాట గట్టుమీది పాట కాదు. గట్టుమీద పాటకు లయ నిచ్చునది త్రాడు. అడుగు పడినప్పుడు పలుకు పడును, లాగుట ఆగినప్పుడు పాట ఆగును. పాట పొడవును నిర్ణయించునది లాకు వచ్చు దూరము. స్టూడియోలో లయ తబలాది, పొడవు గడియారముది. తెడ్డు చప్పుడును నీటి చప్పుడును వేరుగా చేర్చుదురు. ఇందులో రేడియోను నిందింపలేము. శాస్త్రీయ కీర్తన గది లోపలనే పెరిగినది గనుక స్టూడియోలో దానికి నష్టము కలుగలేదు. పడవపాట పనిలో పెరిగినది. పని లేనిచోట అది వినోదమగును. రేడియో ఓలేటివారి విద్యను రాజోలునకు చెక్కుచెదరక చేర్చగలిగినది కాని రాజోలు కాలువగట్టు పాటను విజయవాడకు అట్లే చేర్చలేకపోయినది. ఒకే సాధనము ఒక విద్యకు మేలును ఒక విద్యకు అరకొర న్యాయమును చేసిన తీరిది.

అప్పటికే ఆ పని కూడ తగ్గుచుండెను. స్వాతంత్ర్యానంతరము రోడ్లు పెరిగి, బస్సులు వచ్చి, లారీలు కొబ్బరికాయలను ధాన్యమును మోయసాగిన తరువాత కాలువ పడవలకు బేరము పోయెను. రాదారి పడవ మాయమయ్యెను. సరంగులు, కళాసులు ఏ వృత్తులలో కలిసిరో చెప్పు గ్రంథము లేదు. నదిని దాటించు రేవుపడవ మాత్రము నిలిచెను. ఈ వ్యాసకర్త బాల్యమున మాతామహుల యింటికి పోవునప్పుడు సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కిన జ్ఞాపకము కలదు. మోటారు సైకిళ్లు, కొబ్బరి బస్తాలు, ఒక గేదె, మధ్య మేము. పంటు గుమాస్తా వద్ద తోలుసంచిలో ఒక ట్రాన్సిస్టరు ఉండెడిది. రేవు వదలిన తరువాత ఇంజను చప్పుడులో అది ఏమి పాడుచున్నదో తెలియకపోయినను అతడు దానిని ఆపెడివాడు కాడు.

రేవు కథ పూర్తిగా ముగిసినదనుటకును వీలులేదు. 2018 జులైలో ఐ. పోలవరము మండలమున పాఠశాలనుండి ఇండ్లకు మరలుచున్న పిల్లలతో వచ్చెడి పడవ గౌతమిలో తిరుగబడి బాలికలు మునిగిపోయిరి. చదువునకై రేవు దాటుట ఓలేటివారి బాల్యముతో తీరిపోయిన పురావృత్తము కాదు.

ఓలేటివారు 1989 డిసెంబరు 29వ తేదీన పరమపదించిరి. వసిష్ఠపై దిండి చించినాడల నడుమ వంతెన శతాబ్ది మారు వేళకు గాని సిద్ధము కాలేదు. గౌతమిపై ఎదురులంక యానాముల నడుమ వంతెన 2002లో తెరువబడి బాలయోగిగారి పేర వెలసెను. కావున ఓలేటివారి జీవితకాల మంతయు రాజోలునుండి నేరుగా నరసాపురమునకు పోగోరువాడు పంటు ఎక్కవలసినదే.